సగము చదివిన కథలు, సగము తెలిసిన మనుష్యులు

నవలను తుదిముట్ట చదివి, దానిని మూసి, మంచిచెడ్డలు నిర్ణయించుట యొక పద్ధతి. చదువుచుండగనే తోచిన తలంపులను మనలో మనము చెప్పుకొనుట మఱియొక పద్ధతి. ఈ శీర్షిక రెండవ పద్ధతికి చెందినది. గృహిణులకు పుస్తకమును పట్టినపట్టున ముగించు నవకాశము దొరకుట యరుదు. ఎసరు మరగులోపల రెండు పుటలు, బిడ్డ నిద్రించిన పిమ్మట నాలుగు పుటలు, ఇట్లు మనము చదువుచుందుము. ఇది చదువునకు లోపమని కొందఱందురు. అపరాధపరిశోధక నవలలకును, అద్భుతకథలకును మాత్రమిది లోపము కాదని నా యభిప్రాయము. పుస్తకము బీరువాలో నున్నను కథ మనస్సులో నడచుచునే యుండును. దొంగ యెవరో యని కూర తఱుగుచు నాలోచించుటలో నొక సుఖము కలదు. చివరి పుట తెలిసినవారికి ఆ సుఖము మఱి దక్కదు.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీకథలలో మణిసిద్ధుని వెంట కాశికి బయలుదేరిన గోపబాలకుడు, మజిలీ మజిలీకిని తాను చూచిన వింతకు కథ చెప్పినగాని ముందడుగు వేయనని షరతు పెట్టును. నడక యాగినచోట కథ. కథ యాగినచోట నడక. మన చదువునకును ఆ నియమమే సరిపోవును.

ఈ నెల నా బల్లపై మూడు నవలలు తెఱచియున్నవి. ఒకటి పరిశోధకము, ఒకటి శాస్త్రకల్పనము, ఒకటి మంత్రవిద్యకు సంబంధించినది. మూడింటిలో నేదియు ముగియలేదు. కావున తుదిఫలము చెప్పివేయుదునేమో యను భయము చదువరులకు వలదు. చదివినంతవఱకు వచ్చిన సంగతులను మాత్రము దాచుట లేదు.

చంద్రకాంతమణి

మొదటిది విల్కీ కాలిన్స్ రచించిన 'ది మూన్‌స్టోన్'. ఇది 1868వ సంవత్సరము జనవరి మొదలు ఆగస్టు వఱకు చార్లెస్ డికెన్స్ నడపిన వారపత్రికలో భాగములుగ వెలువడినది. ఆంగ్లమున పరిశోధక నవలలకు బాటవేసిన గ్రంథములలో దీనికి పెద్దపీట కలదు. వ్రాయుచుండిన దినములలో గ్రంథకర్త తల్లి మరణశయ్యపై నుండెను. అతడును కీళ్లనొప్పులచే మంచమెక్కి కొంతభాగము చెప్పి వ్రాయించెను. అయినను కథలో నీరసము కానరాదు.

కథకు మూలము మన దక్షిణదేశముననే యున్నది. 1799లో శ్రీరంగపట్టణము పట్టువడిన దినమున నొక యాంగ్ల సైనికోద్యోగి, కావలియున్నవారిని చంపి, చంద్రదేవుని విగ్రహపు నుదుటనుండి వచ్చిన పసుపువన్నె వజ్రమును అపహరించును. ముగ్గురు బ్రాహ్మణులు దానిని వెదకుచు సముద్రము దాటి పోవుదురు. 1848 జూన్ 21వ తేదీన, యార్క్‌షైరులోని యొక గొప్పయింట, రేచెల్ వెరిండర్ అను కన్యకు పదునెనిమిదవ పుట్టినరోజు కానుకగ నా వజ్రము చేరును. ఆ రాత్రి ఆమె దానిని తన గదిలోని సొరుగులో నుంచును. తెల్లవారునప్పటికి వజ్రము లేదు! ఇల్లంతయు దొంగతనము జరిగెనని గగ్గోలుపడును గాని, ఆ వజ్రమే దొంగసొత్తను మాట వారిలో నెవరికిని గుర్తుండదు. గ్రంథకర్త మాత్రము దానిని మొదటి పుటలలోనే చెప్పియుంచెను. ఆ చెప్పుటలోని న్యాయబుద్ధి నన్నాకర్షించినది.

పిమ్మట కఫ్ అను పరిశోధకుడు వచ్చును. అతడు గులాబీతోటల ప్రియుడు. మాట తక్కువ, చూపు ఎక్కువ. గది తలుపునకు క్రొత్తగా వేసిన రంగు ఒకచోట చెరిగియున్నది. ఆ రంగు ఆరుటకు పండ్రెండు గంటలు పట్టును గనుక, ఎవరి వస్త్రమో రాత్రి మూడుగంటలలోపున దానికి తగిలియుండవలెను. వస్త్రము దొరకినచో మనిషి దొరకును. అందుకై అతడు మొట్టమొదట కోరినదేమి? చాకలిపద్దు! గృహిణుల చేతిలో నలుగు ఆ చిన్న పుస్తకము గొప్ప పరిశోధనకు ఆధారమగుట చదివి నాకు నవ్వును, గర్వమును కలిగినవి.

అంతకుముందు వచ్చిన పోలీసు అధికారి పనివారి గదులకు కాపలా పెట్టించి వారి మనస్సులను నొప్పించియుండెను. కఫ్ అట్లు చేయక, యజమానురాలు మొదలు వంటగది పిల్లవఱకు అందఱి బట్టలపెట్టెలను చూతుమనును. లేడీ వెరిండర్ తన పెట్టెనే ముందుగ తెఱచుట కంగీకరించును. వజ్రము పోగొట్టుకొనిన రేచెల్ మాత్రము సమ్మతింపదు. ఎందులకు? ఇదియే కథకు ముడి.

ఆ యింట రోజన్నా స్పియర్మన్ అను పనిపిల్ల యున్నది. ఒక భుజము ఎత్తు. ముఖమున నందము లేదు. పూర్వము దొంగతనము చేసి శిక్ష యనుభవించినది. ఇదంతయు తెలిసియే లేడీ వెరిండర్ ఆమెను చేరదీసెను. ఆమె రహస్యముగ బజారున గుడ్డ కొని, రాత్రివేళ తలుపు మూసికొని, ఒక గౌను కుట్టినదని కఫ్ కనిపెట్టును. కొలదిదినములలోనే ఆ పిల్ల సముద్రతీరపు ఊబియిసుకలో పడి ప్రాణము విడుచును. అచ్చటివఱకు కథ చెప్పిన ముదుసలి సేవకుడు బెటరెడ్జ్ తన వంతు ముగించెను. ఇప్పుడు మిస్ క్లాక్ అను బంధువురాలు చెప్పుచున్నది. ఆమె కనబడినవారికెల్ల నీతిపుస్తకములు పంచుచుండును. దయ మాత్రము ఎవరికిని పంచదు.

నా యూహ యేమనగా, రోజన్నా తన కొఱకు గాక మఱియొకరి కొఱకు ఆ వస్త్రమును కుట్టియుండును. ఆమె ఎవరివంక ఆశతో చూచుచుండెనో తొలి ప్రకరణములలోనే సూచన కలదు. ఇది యూహయే గాని తీర్పు కాదు.

ఫ్రాంకెన్‌స్టైన్

రెండవ గ్రంథము మేరీ షెల్లీ వ్రాసినది. 1815లో తూర్పుదీవులలోని తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలగుటచే మఱుసటి యేడు ఐరోపాఖండమున వేసవి వేసవిగ నుండలేదు. 1816లో ఆ చలివానల నడుమ, జెనీవా సరస్సు చెంత, మిత్రులు దయ్యపుకథలు వ్రాయవలెనని పందెము వేసికొనిరి. ఆ పందెమునుండి పుట్టినదీ నవల. అప్పటికి మేరీ వయస్సు పదునెనిమిదేండ్లు. స్త్రీల హక్కులను గూర్చి 1792లో గ్రంథము ప్రకటించిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఆమె తల్లి. ఆ తల్లి బిడ్డను కనిన కొలదిదినములకే మరణించెను. మేరీ తొలిచూలు బిడ్డయు 1815లో పోయినది. నవల 1818లో గ్రంథకర్త్రి పేరు లేకుండగనే వెలువడినది.

విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అను విద్యార్థి రసాయనశాస్త్రమునందలి యాశచే నిర్జీవపు టంగములను కూర్చి ప్రాణము పోయును. అది కన్ను తెఱచినంతనే రోతపడి పాఱిపోవును. కన్నవాడు విడిచిన బిడ్డకు పేరైనను లేదు. చాలమంది ఫ్రాంకెన్‌స్టైన్ అనగా భూతము పేరనుకొందురు. ఆ పేరు భూతమును చేసినవానిది.

ఇచ్చటను ఒక పనిపిల్ల యున్నది. ఆమె జస్టీన్ మోరిట్జ్. ఆ యింట పెరిగి, యజమానురాలి మరణవేళ సేవచేసి, ఇంటిబిడ్డవలె నుండినది. విక్టర్ చిన్నతమ్ముడు హత్యచేయబడును. బాలుని మెడలోనుండిన తల్లి చిత్రపటము జస్టీన్ బట్టలలో దొరకును. ఆ రాత్రి ఎచ్చట నుంటివనిన, బాలుని వెదకి వెదకి ఊరివాకిళ్లు మూయుటచే నొక కొట్టములో తలదాచుకొంటినని చెప్పును. ఎవరును నమ్మరు. మతగురువు బెదరింపులకు తాళలేక చేయని నేరమును ఒప్పుకొనును. ఆమెను చంపివేయుదురు. నిజమెఱిగిన విక్టర్ ఏమిచేసెను? చెప్పినచో తన్ను పిచ్చివాడనుకొందురని నోరు మెదపడయ్యెను. ఆ నవలలో నింతవఱకు నాకు భయము గొల్పినది భూతము కాదు, ఈ మౌనము.

ఇప్పుడు రెండవ సంపుటపు తుదియందున్నాను. మంచుకొండపై భూతము తన కథ చెప్పుచున్నది. అది యొక పేదకుటుంబపు గోడచాటున దాగి, వారి మాటలు వినుచు భాష నేర్చెను. దొరకిన పుస్తకములు చదివెను. రాత్రివేళ వారికి కట్టెలు కొట్టి పెట్టెను. తుదకు కంటికి కనబడగనే దెబ్బలు తినెను. దాని నోట జస్టీన్ సంగతి యెట్లు జరిగెనో వినిన పిమ్మట జాలియు, కోపమును ఒక్కచోటనే నిలిచినవి. తనకొక జోడును సృష్టింపుమని అది యిప్పుడడుగుచున్నది. విక్టర్ ఇచ్చు జవాబుకడ పుట మడచితిని.

ఎర్త్‌సీ మాంత్రికుడు

మూడవది అమెరికా రచయిత్రి యుర్సులా లె గ్విన్ 1968లో ప్రకటించిన 'ఏ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. బాలురకొఱకు వ్రాసినదైనను పెద్దలు చదువదగినది. దీనిలో భూమియంతయు దీవులే. కథానాయకుడు గెడ్ రాగివన్నె దేహము గలవాడు. ఆ లోకమున చాలమంది చామనచాయవారే. రచయిత్రి బుద్ధిపూర్వకముగ నట్లు చేసినది. ప్రతివస్తువునకును ఒక నిజమైన పేరుండును. ఆ పేరెఱిగినవానికి దానిపై నధికారముండును. నక్షత్రనామము వేరు, వాడుకపేరు వేరుగా పిలుచుకొను మనకిది వింతగ నుండదు.

గెడ్ గొప్ప ప్రజ్ఞావంతుడు, అంతకంటె గొప్ప గర్వి. తోడివిద్యార్థితో పంతము పట్టి, చనిపోయినవారి ఆత్మను పిలువబోయి, పేరులేని నీడనొకదానిని లోకములోనికి వదలెను. దానిని నాపుటకై వృద్ధగురువు ప్రాణము ధారపోసెను. అది మొదలు నీడ గెడ్డును తఱుముచున్నది. పెండార్ దీవియందలి ముసలి డ్రాగను ఆ నీడ పేరు చెప్పెదనని యాశచూపెను. గెడ్ దానిని వలదని, తన్ను నమ్ముకొనిన ద్వీపవాసుల జోలికి రాకుండునట్లు డ్రాగనుచేత ఒట్టు పెట్టించుకొనెను. నాకీ ఘట్టము మిక్కిలి నచ్చినది. అతనిలోని గర్వము కరగుట ఇచ్చటనే మొదలయ్యెనని తోచుచున్నది.

నీడకు పేరే లేదని విద్యాలయపు పెద్ద యనెను. ఉన్నదని డ్రాగను అనెను. అన్నిటికిని పేరుండునని అతని తొలిగురువు ఓజియన్ అనెను. పాఱిపోవుట మాని, వెనుదిరిగి దానినే వేటాడుమని ఓజియన్ చెప్పగా, గెడ్ పడవ నెక్కెను. నేనును అచ్చటనే యున్నాను. పేరును గూర్చి నాకొక యూహ కలదు గాని, తోడి చదువరుల వేడుక చెడునని వ్రాయను.

మూడింటిని కలిపి చూచిన

ఈ మూడు గ్రంథములను వేఱువేఱు తీరికలలో చదువుచుండగా, ఒకదాని మాట మఱియొకదానిలో వినబడినది. ఇద్దఱు పనిపిల్లలు, రెండు విలువగల వస్తువులు. రోజన్నాను పాతనేరము చూపి అనుమానించిరి. జస్టీన్‌ను మంచిపేరున్నను అనుమానించిరి. చెడ్డపేరును కాపాడలేదు, మంచిపేరును కాపాడలేదు. ఇద్దఱకును చెప్పుకొనుటకు బలమైన నోరు లేదు.

మన యిండ్లలో నుంగరము కనబడనినాడు తొలిచూపు ఎటు పోవునో మనకందఱకు తెలియును. అంట్లుతోము పిల్ల కొంగుముడి వంకకే గదా! ఉంగరము నాలుగుదినములకు బియ్యపుడబ్బాలో దొరకవచ్చును. ఆ పిల్లనుగూర్చి వీధిలో పాకిన మాట మఱల దొరకదు. పనిచేయువారిలో దొంగలే యుండరని నేననను. రోజన్నా ఒకప్పుడు దొంగయే. కాని కఫ్ చూపిన క్రమము గృహిణులకు పాటింపదగినది: ముందు మన పెట్టెలు, మన మఱపు, మన బిడ్డల చేతులు, అటుపిమ్మట పరుల మూటలు. లేడీ వెరిండర్ చేసినది ఉదారతయే గాక వివేకమును.

సగము చదివిన నవలలో దొంగ నెన్నుకొనుటకు మనకు హక్కు కలదు. కాగితపు మనుష్యులకు నష్టము లేదు. మఱుసటి ప్రకరణమున పేరు మార్చుకొనవచ్చును. ఇంటిలోని మనుష్యులను గూడ మనము సగమే చదివియుందుము. అచ్చట మాత్రము పుట త్రిప్పకుండ తీర్పు చెప్పరాదు. విక్టర్‌వలె నిజమెఱిగి నోరు మూసికొనుట అంతకంటె తగదు.

చదువరులకొక సూచన. ఇట్టి నవలలు చదువునప్పుడు చిన్న నోటుపుస్తకము దగ్గఱ నుంచుకొనుడు. ఆగినచోట పుటసంఖ్య, అనుమానించినవారి పేరు, అందులకు హేతువు, ఈ మూడును వ్రాయుడు. హేతువు వ్రాయబోయినప్పుడు, అది ఆధారమో కేవలము అయిష్టమో తెలిసిపోవును.

పెద్ద నవలలకు తీరిక లేనివారు రొకెయా సఖావత్ హుస్సేన్ వ్రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' అను చిన్నకథను చదువవచ్చును. తెలుగింట పుట్టిన కమలా సత్యనాథన్ మద్రాసునుండి నడపిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో 1905లో అది వెలువడినది. అందులో స్త్రీలు సూర్యుని వేడిమితో వంటలు చేసికొనుచు, శత్రువులను సయితము దానితోనే తఱిమి రాజ్యమేలుదురు. పురుషులు ఘోషాలో నుందురు. ఒక మధ్యాహ్నమున ముగియును. నవ్వు మాత్రము చాలదినములుండును.

వచ్చు నెలలో మిస్ క్లాక్ చేతినుండి కథ ఎవరికి పోవునో, భూతమునకు జోడు దొరకునో లేదో, గెడ్ పడవ ఎచ్చట ఆగునో చెప్పుకొందము. అంతవఱకు రోజన్నా పేరెదుట నా నోటుపుస్తకములో ప్రశ్నార్థకమే యుండును.