బండి పెద్దది, లైసెన్సు అదే

ఈ సంచికను మొదటిసారి పెద్ద బండి కొనబోతున్న హనుమంతునిపాడు, కనిగిరి, మార్కాపురం కుర్రకారు కోసం సిద్ధం చేశాం. మన లైసెన్సు పద్ధతిలో ఒక లోటు నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. 18 ఏళ్లు నిండితే ఎల్ఎల్ఆర్, 30 రోజులు దాటాక పరీక్ష, అందులో నెగ్గితే లైసెన్సు. 100 సీసీ బండి మీద పరీక్ష ఇచ్చినవాడు మర్నాడే 650 సీసీ బండి ఎక్కవచ్చు. గేర్లున్న మోటార్‌సైకిళ్లన్నిటికీ కార్డు ఒకటే. ఐరోపా దేశాల్లో ముందు 125 సీసీ, తర్వాత 35 కిలోవాట్ల దాకా, ఆపైనే పెద్దవి. నేరుగా పెద్దదానికి వెళ్లాలంటే మామూలుగా 24 ఏళ్లు నిండాలి.

చట్టం అడగని ఆ మెట్లను ఇంట్లో పెద్దలే పెట్టాలని నా గట్టి అభిప్రాయం. స్ప్లెండర్ బరువు సుమారు 112 కిలోలు, క్లాసిక్ 350 సుమారు 195. పరుగులో ఆ తేడా తెలియదు. లారీకి దారిచ్చి మట్టి అంచుకు దిగినప్పుడు, మలుపులో గొర్రెల మంద ఎదురైనప్పుడు తెలుస్తుంది. అందుకే షోరూములో రంగు చూసేముందు కూర్చుని చూడండి: రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయా? బండిని ఒక్కరే వెనక్కి నెట్టగలరా? ఏబీఎస్ రెండు చక్రాలకూ ఉందా, ముందుదానికేనా? ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఖరీదు బండి ధరలోనే కలిపి లెక్కవేసుకోండి.

గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ మీదుగా నంద్యాల వెళ్లాలని అందరికీ ఉంటుంది. కొన్నాళ్లు కనిగిరి దాకా తిరిగి, బ్రేకు మీద చేయీ కాలూ కుదిరాక ఆ దారి పట్టండి.