పొట్లం పోశారు సరే, ఆమెను అడిగారా?

తిరుపతిలో ఎండకు కరువా? ఆ ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ నిక్షేపంగా తిరిగేవాళ్లకే విటమిన్ డి చాలడం లేదని 2007లోనే పరిశోధకులు రాశారు. ఇక పురిటి గదిలో మూసిపెట్టిన మనిషి సంగతి వేరే చెప్పాలా! చెవుల్లో దూది, తలకు గుడ్డ, బిడాయించిన తలుపులు, సాంబ్రాణి పొగ. "గాలి తగుల్తుందమ్మా, బయటికి రాకు." మహా దయ తలిస్తే అద్దాల కిటికీ పక్కన కూర్చోనిస్తారు. ఒంట్లో డి పుట్టించే కిరణాలను ఆ అద్దమే అడ్డుకుంటుందని ఎవరికి పట్టింది?

ఆ గదిలోనే ఆమె ఏడుస్తుంది. బిడ్డ నిద్రపోయినా తను నిద్రపోలేదు. ఎత్తుకోవాలంటే భయం. "పచ్చి బాలింతవి, ఏడిస్తే అరిష్టం" అంటుంది అత్తగారు. "మేం కనలేదా?" అంటుంది కన్నతల్లి. మొదటి రెండు వారాల దిగులు చాలామందికి దానంతటదే పోతుంది. అది దాటినా పోకపోతే జబ్బే. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే బాలింతల్లో నూటికి 22 మందికి ఈ కుంగుబాటు తేలింది. కొందరికి కడుపుతో ఉండగానే మొదలవుతుంది.

ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఓ సాకు దొరికింది. "డి తగ్గిందట, అందుకే అలా ఉంది." వారానికో 60,000 యూనిట్ల పొట్లం పాలల్లో కలిపిస్తే చేతులు దులుపుకోవచ్చు! డి తక్కువున్న తల్లుల్లో కుంగుబాటు ఎక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ ఏది ముందు, ఏది వెనక? గడప దాటని, ముద్ద దిగని మనిషికి డి తగ్గదా? పొట్లం మింగితే దిగులు పోతుందని గట్టిగా రుజువు కాలేదు. గర్భిణులందరికీ డి ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పలేదు. లోపముంటే ఇవ్వండి, ఎముకలకు కావాలి. దిగులుకు మందని మాత్రం అంటగట్టకండి.

డి పరీక్షకు వందలకు వందలు పోస్తాం. బాలింతల కుంగుబాటును పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987 నుంచీ ఉంది. పదే ప్రశ్నలు, అయిదు నిమిషాల పని, సూది గుచ్చక్కర్లేదు. పదో ప్రశ్న, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. టీకాకు తెచ్చినప్పుడల్లా బిడ్డ బరువు రాసుకుంటారే, పక్కనే నిలబడ్డ తల్లిని ఆ పదీ అడిగే ఆస్పత్రులు ఎన్ని? కేరళ ప్రభుత్వం 'అమ్మ మనసు' పేరుతో ఇందుకోసం ఓ కార్యక్రమమే పెట్టుకుంది. మనం బాలింతలకిచ్చే కిట్లలో సబ్బు పెట్టాం, దోమతెర పెట్టాం, చీరలూ పెట్టాం. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన సహాయవాణి టెలీమానస్‌ ఉంది; 14416కి ఫోన్ చేస్తే వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. ఆ అయిదంకెలూ డిశ్చార్జి కాగితం మీద అచ్చేయడానికి ఏ బడ్జెట్టు కావాలి?