యూబా నగరపు జనగణనము

ఒక దేశపు హృదయమును తెలిసికొనగోరువారు దాని రాజధానిని చూచిన చాలదు. చిన్న నగరములను చూడవలయును. శాసనములు రాజధానిలో పుట్టును గాని వాని బరువును మోయుచు జనులు బ్రదుకునది చిన్న నగరములందే. అమెరికా సంయుక్తరాష్ట్రములలో కాలిఫోర్నియాయందు, ఫెదర్ నదీతీరమున, యూబా సిటీ యను నగరము కలదు. 2020 జనగణనము ననుసరించి దాని జనసంఖ్య రమారమి 70 వేలు. మన గోదావరీతీరమున ఇంచుమించు ఇంతటి పట్టణములు పెక్కు గలవు. అయినను ఆ నగరపు జనుల లెక్కలో భారతీయులందఱును, అందు ముఖ్యముగా భూవసతి గలవారును, తెలిసికొనదగిన చరిత్ర యిమిడియున్నది.

2010 జనగణనము ప్రకారము అచ్చట నూటికి సుమారు 57 గురు శ్వేతజాతీయులు; 17 గురు ఆసియావాసుల సంతతివారు; ఇద్దఱు ముగ్గురు నీగ్రోసంతతివారు; ఆదిమవాసులు నూటి కొక్కరు. మెక్సికో మున్నగు స్పానిషు భాషాప్రాంతములనుండి వచ్చిన కుటుంబములవారిని ఏ జాతివారైనను వేఱుగ లెక్కించిరి. వారు నూటికి 28 గురు. ఆసియావాసులలో మిక్కిలి పెద్దభాగము పంజాబీ సిక్కులు. ఒక చిన్న యూరిలో ఇన్ని జాతులు చేరుట యెట్లు సంభవించెను?

ఆ నేల మొదట మైదూ తెగకు చెందిన నిసెనాను జనులది. 1833లో ప్రబలిన విషజ్వరము వారి పల్లెలను పాడుచేసెను. 1848లో కాలిఫోర్నియాయందు బంగారము బయల్పడెను. మఱుసటి సంవత్సరముననే యూబా నగరమునకు పునాది పడెను. బంగారమునకై వచ్చిన తెల్లవారు నేలను పంచుకొనిరి. ఆదిమవాసులు తమ నేలపైననే పరాయివారైరి. చీనావారు గనులలోను, రైలుదారులపైనను పాటుపడిరి. వారు 1880లో కట్టుకొన్న దేవాలయము నది కావలియొడ్డున మేరీస్‌విల్ పట్టణమున నేటికిని నిలిచియున్నది. ఆలయము కట్టిన రెండవయేటనే, 1882లో, చీనా కూలీల ప్రవేశమును నిషేధించుచు శాసనము పుట్టెను. 1942లో జపానుతో యుద్ధము నెపముగా జపానుసంతతివారిని, ఆ దేశమున పుట్టిన పౌరులనుసైతము, ఇండ్లనుండి వెడలగొట్టినప్పుడు మేరీస్‌విల్ చెంతనే వారి కొక నిర్బంధశిబిర మేర్పడినది. శ్రమ కావలసినపుడు ఆహ్వానము, శ్రమ తీఱినపిదప బహిష్కారము - ఇదియే ఆ లోయయందు నడచిన రాజనీతి.

ఇట్టి నేలకు ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో మన పంజాబీ రైతులు చేరిరి. 1907 సెప్టెంబరులో వాషింగ్టను రాష్ట్రపు బెల్లింగ్‌హాం పట్టణమున కొన్నివందల తెల్లవారు గుంపుగూడి, కోఁతమిల్లులలో పనిచేయు భారతీయులను కొట్టి ఊరినుండి తఱిమివేసిరి. పిమ్మట కాలిఫోర్నియా తోటలవైపు మరలినవారు పలువురు. ఫెదర్ నదీమైదానము వారికి పంచనదసీమను తలపించెను. కాలువనీరు, పండ్లతోటలు, వరిమళ్లు. పనికి వెనుదీయని చేతులు. భూమి కౌలునకు దొరకెను. కొందఱు కొన్నిచోట్ల కొనిరిగూడ.

కాని ఆ దేశపు పౌరసత్వశాసనము 1790 మొదలు శ్వేతజాతీయులకును, 1870 నుండి ఆఫ్రికాసంతతివారికిని మాత్రమే ద్వారము తెఱచినది. భారతీయుడు వీరిలో నెవ్వడు? ఈ ప్రశ్నమే భగత్‌సింగు థిండు వ్యాజ్యమునకు మూలము. ఆయన అమెరికా సైన్యమున 1918లో కొలువుచేసిన సిక్కు. ఆయన వాదమును మనము శ్రద్ధతో గమనింపవలయును. ఉత్తరహిందూస్థానపు ఉన్నతవర్ణస్థులు ఆర్యులనియు, ఆర్యులు కకేసియను జాతిలోనివారనియు, కావున తాము శ్వేతజాతీయులే యనియు ఆ వాదము. తమ దేశపు క్రిందిజాతులతో తమకు వివాహసంబంధము లేదనుటనుగూడ నందొక ప్రమాణముగా చూపిరి! 1922లో జపానువాడగు ఒజావాను శ్వేతుడు కాదని త్రోసిపుచ్చుటకు శ్వేతుడనగా కకేసియనుడని చెప్పిన అత్యున్నత న్యాయస్థానమే, మూడుమాసములు గడచినపిదప, 1923 ఫిబ్రవరి 19వ తేదీని, పండితుల జాతిశాస్త్రముతో పనిలేదు, సామాన్యజనుడు ఎవరిని తెల్లవారని తలంచునో వారే తెల్లవారని తీర్పు చెప్పెను. శాస్త్రము తమకనుకూలమైననాడు శాస్త్రము, ప్రతికూలమైననాడు లోకాభిప్రాయము!

ఆ తీర్పుతో పూర్వము పౌరసత్వము పొందినవారలనుండి సయితము దానిని లాగివేయసాగిరి. శాన్‌ఫ్రాన్సిస్కోలో వర్తకముచేసికొనుచున్న వైష్ణోదాసు బాగాయి పౌరసత్వము కోల్పోయి, స్వదేశదర్శనమునకు అమెరికా ప్రయాణపత్రముగూడ దొరకక, 1928లో ప్రాణత్యాగము చేసెను. బ్రిటిషు ప్రభుత్వపు పత్రముపై ప్రయాణింపుమని ఆయనకు సలహా చెప్పిరట! ఏ దాస్యమును వదలి వచ్చెనో ఆ దాస్యమునే మరల శిరసావహింపుమనుట కాదా ఇది?

యూబా లోయలోని రైతునకు ఈ తీర్పు మఱియొక విధముగ తగిలెను. పౌరసత్వమునకు అర్హులు గాని విదేశీయులు సేద్యపునేల కొనరాదని కాలిఫోర్నియా 1913లో చట్టము చేసియుండెను. 1920లో దానిని మఱింత బిగించెను. ఇక భారతీయుడు తాను చెమటోడ్చి సాగుచేసిన తోటను తన పేర వ్రాయించుకొనుటకు వీలులేకపోయెను. నమ్మదగిన తెల్లవాని పేరనో, అచ్చట పుట్టుటచే పౌరులైన తన పసిబిడ్డల పేరనో బినామీగా నుంచుకొనవలసివచ్చెను. దస్తావేజున పేరు లేని భూమిని దున్నుట యెంతటి క్షోభయో మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1917 శాసనము స్వదేశమునుండి ఇల్లాండ్రను తెచ్చుకొనుటకును అడ్డుపడెను. భిన్నవర్ణముల వివాహమును నిషేధించిన రాష్ట్రమున, చామనచాయ యొక్కటేయని గుమాస్తాలు అనుమతింపగా, పలువురు పంజాబీలు మెక్సికో స్త్రీలను పెండ్లాడిరి. వారి బిడ్డలకు తల్లిభాష స్పానిషు, పేరున సింగు. అట్టి కుటుంబములు యూబా ప్రాంతమునను వెలసినవి.

జనగణనాధికారులు వీరిని ఏమని వ్రాసిరి? 1920, 1930, 1940 సంవత్సరముల పట్టికలలో సిక్కులనక, మహమ్మదీయులనక, భారతీయుల నందఱను హిందువులను జాతిగా వ్రాసిరి. 1970లో శ్వేతజాతీయులలో చేర్చిరి. 1980లో ఆసియా భారతీయులను క్రొత్తగడి నేర్పఱచిరి. అదే తోటలో అదే చెట్టుక్రింద కూర్చున్న ముదుసలి, కదలకయే మూడు జాతులవాడయ్యెను! జాతి యనునది రక్తమున లేదు, ప్రభుత్వపు పట్టికలో నున్నదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలయును?

విముక్తి యెట్లు వచ్చెను? ఆర్యత్వపు వాదము దానిని తేలేదు. గదరు వీరులు 1913నుండియే పరతంత్రుల ప్రజకు పరదేశమున గౌరవము లేదని చాటిరి. కాలిఫోర్నియాలో చదువుకొనుచు ఆ పక్షమున చేరి, పిదప చెఱసాల పాలైన దరిశి చెంచయ్యగారు మన ఆంధ్రులే. జె. జె. సింగు మున్నగువారు అమెరికాలో చేసిన కృషిచేతను, భారత స్వాతంత్ర్యము ఆసన్నమగుటచేతను 1946లో భారతీయులకు పౌరసత్వార్హత లభించెను. ఏటికి నూఱుమందికి మాత్రము ప్రవేశము కల్గెను. 1956లో దలీపుసింగు సౌంద్ కాలిఫోర్నియానుండి అమెరికా ప్రతినిధిసభకు ఎన్నికయ్యెను. 1965 శాసనముతో ద్వారములు విశాలముగా తెఱవబడెను. 2017లో యూబా నగరపు మేయరు పదవి ప్రీత్ దిద్‌బల్ అను సిక్కుమహిళకు దక్కెను. నేల కొనరాదన్న చోటనే నగరము నేలుట!

అయినను కథ ముగియలేదు. ఆ 2017లోనే కాన్సాస్ రాష్ట్రమున ఓలేత్ అను మఱియొక చిన్న నగరమున, మా దేశమునుండి పొమ్మని యఱచిన శ్వేతజాతీయు డొకడు తెలుగు ఇంజనీరు నొకనిని కాల్చిచంపెను. అడ్డుపడబోయి గుండుదెబ్బ తిన్నవాడును అమెరికా పౌరుడే. ఒకే నగరమున, ఒకే గడియలో, రెండు అమెరికాలును కనబడినవి.

ఇప్పుడు మనలను మనము ప్రశ్నించుకొనవలయును. థిండు వ్యాజ్యమున పరాజితమైనది భారతీయుని న్యాయమైన హక్కు మాత్రమే కాదు. సాటి భారతీయుని తక్కువచేసి తాను తెల్లవాని పంక్తిని కూర్చుండగోరిన ఆశయు పరాజితమైనది. ఆ యాశ మనలో చచ్చినదా? 2023లో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధించెను. ఆ సంవత్సరమే కాలిఫోర్నియా శాసనసభ అట్టి బిల్లును ఆమోదింపగా గవర్నరు దానిని త్రోసిపుచ్చెను. సముద్రములు దాటినను మనవారు పెట్టెలో నేమి కట్టుకొనిపోయిరో ఆ శాసనప్రయత్నములే చాటుచున్నవి. వర్ణభేదమునకు గుఱియై విలపించిన జాతియే వర్ణభేదమును ఎగుమతి చేయుట సిగ్గుచేటు కాదా?

మన దేశమునను లెక్క లెత్తుచున్నారు. 1931 పిమ్మట సమగ్రమైన కులపులెక్క మన జనగణనమున లేకుండెను. 2025 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము దానిని మరల చేర్చ నిశ్చయించినది. తెలంగాణమున 2024లోనే అట్టి సర్వే జరిగెను. ఈ లెక్కలకు భయపడువారు కలరు. వీనిచేతనే సర్వము సిద్ధించుననువారును కలరు. యూబా నగరచరిత్ర యిరువురకును సమాధానము చెప్పుచున్నది. లెక్క తనంత తాను మేలును చేయదు, కీడును చేయదు. ఎవరికి నేల లేదో, ఎవరికి బడి లేదో తెలిసికొని ఇచ్చుటకైన లెక్క ధర్మము. ఎవరిని వెలుపల నుంచవలయునో తెలిసికొనుటకైన లెక్క అధర్మము. 1923లో కాలిఫోర్నియాయందు పట్టిక వెలివేయుటకు పనికివచ్చెను. మనచేతిలో నది దేనికి పనికివచ్చునో మనమే నిర్ణయింపవలయును.

పట్టణములలో గృహములు గలవారు ఇల్లు అద్దెకిచ్చుటకు ముందు అడుగు మొదటి ప్రశ్నము, పల్లెలలో భూములు గలవారు కౌలుపత్రమున వ్రాయనొల్లని పేరు - వీనియందే మన నీతి పరీక్షకు వచ్చును. పేరు దస్తావేజున లేక బినామీగా బ్రదికిన పంజాబీ రైతునకై మన కన్ను చెమర్చినచో, మన పొలమున కాగితము లేక దున్నుచున్న కౌలుదారునకై అది పొడిగా నుండరాదు. పరదేశమున మనము కోరు సమత్వమును స్వగ్రామమున ఇయ్యనేర్చిననాడే దానిని అడుగుటకు మనకు నోరుండును.