డాక్టరుకి దండం పెడితే మీకేంటి నొప్పి?

ఈమధ్య ఒక వాదన తెగ వినబడుతోంది. సర్జన్ ఆపరేషన్ చేశాడు, ఫీజు తీసుకున్నాడు, లెక్క సరి.. ఇంక జన్మంతా దండాలు పెట్టుడేంది అని. అనేవాళ్ళు ఎక్కువగా మా సాఫ్ట్‌వేర్ జనాలే. రోగి అంటే కస్టమరు, డాక్టరు అంటే వెండరు. పదేళ్ళైనా సర్జన్ పేరు తలుచుకునే పల్లెటూరి మనిషిది మూఢభక్తి అట!

నాది బిచ్కుంద. ఇటు మహారాష్ట్ర, అటు కర్ణాటక. పెద్ద ఆపరేషన్ అంటే బాన్సువాడ దాటి నిజామాబాదో, హైదరాబాదో, కాదంటే నాందేడో పోవాల్సిందే. (పక్కన కామారెడ్డికి మెడికల్ కాలేజీ వచ్చిందే 2023లో.) కందులు అమ్మిన పైసలు పట్టుకుని, తెలియని ఊళ్ళో, తెలియని మనిషి చేతికి ఒళ్ళు అప్పజెప్పి కళ్ళు మూసుకోవాలి. మళ్ళీ కళ్ళు తెరిచినప్పుడు "ఎట్లున్నవ్ పెద్దాయనా" అని పలకరించిన ఆ ముఖాన్ని మరిచిపొమ్మంటే ఎట్లా? మావాళ్ళు "సారు చెయ్యి పెట్టిండు, బతికిన" అంటారు. ఇందులో మూఢత్వం నాకైతే కనబడలేదు.

ఇక కస్టమరు సంగతి. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన మాట నిజమే. కానీ అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు దాని కిందికి రావని కూడా అదే తీర్పులో ఉంది. 2019 కొత్త చట్టం కూడా ఉచిత సేవను బయటే ఉంచింది. అంటే సర్కారు దవాఖానాలో పైసా కట్టకుండా బాగైన మనిషి మీ లెక్కలో కస్టమరే కాడు. పోనీ అక్కడ చేసే సర్జన్ని వెండరు అంటారా? 2004లో హైదరాబాదులో గుండె మార్పిడి చేసి పేరు తెచ్చుకున్న డా. ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే, 2015 నుంచి గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో పేదలకి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేశారు. దీనికి ఏ ఇన్‌వాయిస్ రాస్తారు బాబూ?

అసలు నా కోపం వేరే. ఈ కృతజ్ఞతను మధ్యలో ఎవరెవరో కాజేస్తున్నారు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, మంచి పథకమే, మా తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకి పెంచారు కూడా. అది జనం పన్ను డబ్బు. దండమేమో ఫ్లెక్సీ మీది బొమ్మకి! కార్పొరేట్ ఆసుపత్రిలో ఇంకో తమాషా.. డిశ్చార్జి రోజు ట్యాబ్ చేతిలో పెట్టి ఐదు చుక్కలు నొక్కమంటారు. అలాంటి స్క్రీన్లు రాసేది మాబోటి వాళ్ళమే లెండి :) ఆ చుక్కలు ఆసుపత్రి ప్రకటనకి పనికొస్తాయి. కోసినాయన పేరేంటో మాత్రం రోగికి చాలాసార్లు తెలీదు. మత్తు డాక్టరు, రాత్రంతా సెలైన్ మార్చిన సిస్టరమ్మ, రక్తమిచ్చిన కుర్రాడు.. వీళ్ళనైతే అడిగే దిక్కే లేదు.

దండం పెట్టేవాడు ప్రశ్న అడగడని కొందరి భయం. ఎందుకు అడగడు? పిల్లలకి చదువు చెప్పిన సారు కాళ్ళు మొక్కుతాం, మార్కులు తప్పు పడితే వెళ్ళి అడుగుతాం కూడా. బిల్లులో రాని మందు రాస్తే అడగాల్సిందే. అడగడానికి ముందు కాగితం అర్థం కావాలి కదా! డిశ్చార్జి కాగితం మొత్తం ఇంగ్లీషు. ఏ అవయవం తీశారో తెలియకుండానే బస్సెక్కి వస్తున్నారు మా వైపు జనం. ముందు ఆ కాగితం తెలుగులో ఇప్పించండి. మాకైతే మరాఠీ, కన్నడ కూడా కావాలి. ఏం చేశారు, ఎవరు కోశారు, ఎవరు మత్తిచ్చారు, పేర్లతో సహా.