యుద్ధం అక్కడ... లెక్క మన వంటింట్లో

ఎక్కడో ఎడారిలో బాంబులు పడితే మనకేంటి అనుకుంటాం. వార్తలొస్తుంటే సీరియల్ టైమైందని చానల్ మార్చేస్తాం. కానీ ఆ యుద్ధం ఖర్చు ఇంట్లో ముందుగా తెలిసేది మనకే. గ్యాస్ బండ రేటు పెరిగినా, ఆటో అబ్బాయి పది రూపాయలు ఎక్కువడిగినా, కూరల బండి దగ్గర బేరం తెగకపోయినా దాని మూలం ఒక్కోసారి సముద్రాల అవతల ఉంటుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడింది. అంతకుముందు నెలలో 20 డాలర్లలోపు ఉన్న పీపా ముడిచమురు అక్టోబరుకల్లా 40 దాటింది. ఆ రెండు దేశాల నుంచి మనకొచ్చే చమురు ఆగిపోయి, వేరేచోట ఎక్కువ పెట్టి కొనాల్సొచ్చింది. అసలే అంతంతమాత్రంగా ఉన్న డాలర్ల నిల్వ కరిగిపోయింది. ఇతర కారణాలూ తోడై 1991లో దేశం తన బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టింది. మెళ్ళో గొలుసు తాకట్టుపెట్టి నెల గడిపిన ఇల్లాలికి ఆ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ యుద్ధం తెలుగిళ్ళను ఇంకోవైపు నుంచీ తాకింది. లక్షా 70 వేలకు పైగా భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తెచ్చారు. పొట్ట చేతపట్టుకుని కువైట్ వెళ్ళిన మన కడప, గోదావరి జిల్లాల వాళ్ళకూ కష్టకాలమే అది. అంటే ఇక్కడ ధరలు పెరిగిందీ, అక్కడి నుంచి రావాల్సిన డబ్బు ఆగిందీ ఒకే కారణానికి!

ఇదెలా జరుగుతుందంటారా? 2024-25 లెక్కల్లో మనం వాడే ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా, వంటగ్యాసులో సగానికి పైగా బయటి నుంచి తెచ్చుకున్నదే. ఆ గ్యాసులో ఎక్కువభాగం గల్ఫ్‌దే. అది ఇరాన్, ఒమన్‌ల మధ్యనున్న హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. బాగా ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. 2024లో ప్రపంచం వాడిన చమురులో ఐదోవంతు ఆ సందులోంచే వచ్చింది. ఓడ ఆగక్కర్లేదు, ఆగుతుందేమోనన్న భయం చాలు. ఓడ కిరాయి, ఇన్సూరెన్సు, దాంతోపాటు చమురు ధర అన్నీ లేచి కూచుంటాయి.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పడింది. మార్చిలో ముడిచమురు 130 డాలర్లు దాటింది. హైదరాబాద్‌లో 2021 జనవరిలో 746 రూపాయల 50 పైసలున్న బండ, 2022 జులైలో 1,105 అయింది. కరోనా తర్వాత గిరాకీ పెరగడం వల్ల ధర అప్పటికే ఎక్కుతోంది, దానికి యుద్ధం తోడైంది. చాలామందికి ఖాతాలో పడే సబ్సిడీ అంతకుముందే ఆగిపోయింది. మా వీధి చివర కర్రీ పాయింట్ నడిపే వదినగారిది మరీ కష్టం. ఆవిడ వాడే 19 కిలోల బండ ఆ మే నెలలో ఢిల్లీలోనే 2,300 దాటింది. కూర పొట్లం ధర పెంచితే బేరాలు రావు, పెంచకపోతే మిగలదు.

సరే, పెరిగింది. మరి తగ్గాలిగా? 2022 డిసెంబరుకు ముడిచమురు 80 డాలర్ల దగ్గరికి దిగొచ్చింది. మన బండ మాత్రం 2023 మార్చిలో ఇంకో 50 పెరిగి 1,155కి చేరింది. 200 తగ్గింది ఆ ఆగస్టు చివర్లో! పాత నష్టాలు పూడాలన్నది కంపెనీల మాట. ఆ నష్టాలకు 2022 అక్టోబరులోనే కేంద్రం 22 వేల కోట్లిచ్చింది కదా అన్నది నా మాట. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం పేదింటికి గ్యాస్ పొయ్యి తెచ్చాయి. సంతోషమే. కానీ బండ కొనలేనప్పుడు ఆ తల్లి మళ్ళీ కట్టెలపొయ్యి ముందు కూచుని కళ్ళు తుడుచుకోవాల్సిందేనా?

ధర పెరిగినప్పుడల్లా పొదుపు పాఠాలు మనకే చెబుతారు. పప్పు నానబెట్టడం, మూతపెట్టి వండటం మనకొకరు నేర్పాలా? ముందుచూపు నేర్చుకోవాల్సింది ఏలేవాళ్ళు. ఏడాదికి సరిపడా ఆవకాయ జాడీకెత్తే ఇళ్ళు మనవి. విశాఖలో భూగర్భ గుహల్లో 13 లక్షల 30 వేల టన్నుల ముడిచమురు దాచే ఏర్పాటుంది. మంగళూరు, పాదూరు కూడా కలిపితే, మూడూ నిండుగా ఉన్నా దేశానికి తొమ్మిదిన్నర రోజులకే సరి. వంటగ్యాసుకైతే విశాఖలో ఉన్న గుహలో పట్టేది 60 వేల టన్నులు. దేశం 2024-25లో రోజుకు 80 వేల టన్నులకు పైగా వాడింది. ఒక్కరోజు వంటకైనా చాలదన్నమాట.

యుద్ధాల్ని మనం ఆపలేకపోవచ్చు. ఓట్లకోసం గడప తొక్కేవాళ్ళని అడగ్గలం కదా! బండ మీద ఎంత తగ్గిస్తారని అడిగి ఊరుకోకండి. ఎన్ని రోజులకు సరిపడా నిల్వ పెడుతున్నారో, బయట ధర తగ్గితే ఎన్నాళ్ళకు మాకు తగ్గిస్తారో కూడా అడగండి.