కేబుల్ వచ్చింది సరే, రెండో ప్రతి ఎక్కడుంది?

2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్ పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లను కలుపుతుంది. అంతకుముందు దీవులకు ఉపగ్రహ లింకులే ప్రధాన ఆధారం. 36 వేల కిలోమీటర్లు పైకెళ్లి కిందికి దిగడానికి సంకేతానికి పావు సెకను పడుతుంది. గాజు తీగలో కాంతి చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ చేరడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు.

అయితే ఆఫీసుల్లో పనిచేసేవాళ్లను బాధపెట్టింది ఆ పావు సెకను కాదు, బ్యాండ్‌విడ్త్. 10 జీబీ మెయిల్‌బాక్స్‌ను 2 ఎంబీపీఎస్ లింకు మీద పంపాలంటే 11 గంటలు కావాలి. 100 ఎంబీపీఎస్ ఉంటే 13 నిమిషాల్లో అయిపోతుంది. లింకు సన్నగా ఉన్న చోట మెయిల్‌ను సొంత కంప్యూటర్‌లోకి దించుకోవడం అవసరం. వేగం పెరిగాక అంతా సర్వర్‌లోనే ఉంటుందిలే అన్న ధీమా వస్తుంది. దీవుల్లో ఆ ధీమా ప్రమాదకరం. సర్వర్ మీదున్న మెయిల్‌కు ఆఫీసులో ఒక ప్రతి, సముద్రం అవతల ఇంకొకటి ఉండాలి. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని వదిలేయడానికి లేదు.

చాలామందిలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు కంప్యూటర్‌లో ఒకే మెయిల్ కనిపిస్తోంది కాబట్టి మూడు బ్యాకప్‌లు ఉన్నట్టే అనుకుంటారు. అవి మూడూ ఒకే ముఖానికి పెట్టిన మూడు అద్దాలు. ఐమ్యాప్ పద్ధతిలో ఫోన్‌లో ఒక ఫోల్డర్ తొలగిస్తే కాసేపట్లో మిగతా రెండు చోట్లా మాయమవుతుంది. ఔట్‌లుక్ సృష్టించే ఓఎస్‌టీ ఫైల్ కూడా సర్వర్‌కు నీడ మాత్రమే. విడిగా ఎగుమతి చేసిన పీఎస్‌టీ ఫైల్ బ్యాకప్ అవుతుంది, అదీ వేరే డిస్క్ మీదికి చేరితేనే. ఔట్‌లుక్ తెరిచి ఉండగా కాపీ చేయబోతే ఫైల్ వాడకంలో ఉందంటూ కంప్యూటర్ మొరాయిస్తుంది. అక్కడే చాలామంది విరమించుకుంటారు.

2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్ ఖాతాల్లో సుమారు 0.02 శాతం ఖాళీ అయిపోయాయి. గూగుల్ వేర్వేరు డేటా కేంద్రాల్లో ఉంచిన ప్రతుల మీదా లోపం ప్రభావం పడింది. చివరికి మెయిళ్లను తిరిగి తెచ్చింది నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా పక్కన పెట్టిన మాగ్నెటిక్ టేపులు. అంత పెద్ద సంస్థకే పాత టేపు దిక్కయింది.

ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో బాధ్యత ఎవరిదన్న సందేహం కూడా లేదు. 2015లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఈమెయిల్ విధానం ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్ ఎప్పటికప్పుడు తీసుకోవాల్సింది వాడుకరేనని చెప్పింది. వాడుకరి చర్య వల్ల పోయిన డేటాను తిరిగి ఇవ్వబోమనీ అంది. నియమం స్పష్టంగానే ఉంది. కానీ ఆ వాడుకరికి డిస్క్ ఎవరిచ్చారు, పద్ధతి ఎవరు నేర్పారు? గుమాస్తా తన జేబులోంచి కొన్న పెన్‌డ్రైవ్ మీద ఒక శాఖ జ్ఞాపకమంతా ఆధారపడటం పద్ధతి అనిపించుకోదు. అదే విధానం అధికారికి పేరు మీద ఒకటి, హోదా మీద ఒకటి ఐడీలు ఉండొచ్చంది. ప్రధాన భూభాగం నుంచి కొన్నేళ్లకు వచ్చి బదిలీపై వెళ్లిపోయే అధికారులున్న చోట ఈ తేడా చాలా పెద్దది. హోదా ఐడీలోని ఉత్తరాలు తర్వాత వచ్చినవారికి అందుతాయి. పేరు ఐడీలో నడిపిన టెండరు సంప్రదింపులు ఆయనతో పాటే ఓడెక్కుతాయి.

క్యాలెండర్‌ను మరీ నిర్లక్ష్యం చేస్తారు. మెయిల్ పోతే అవతలివారి దగ్గరైనా ప్రతి ఉంటుంది. ఓడ బయల్దేరే తేదీలు, కోర్టు వాయిదాలు, యంత్రాల సర్వీసు గడువులు క్యాలెండర్ నుంచి పోతే ఏం పోయిందో గుర్తుచేసేదే ఉండదు. దాన్ని ఐసీఎస్ ఫైల్‌గా ఎగుమతి చేయడం రెండు నిమిషాల పని. ఏ క్యాలెండర్ ప్రోగ్రామ్ అయినా దాదాపు చదవగలిగే బహిరంగ ఫార్మాట్ అది. ఇతరులు పంచుకున్న క్యాలెండర్లు మాత్రం ఇందులో రాకపోవచ్చు, వాటి యజమానుల్నే అడగాలి.

ఇక్కడ భూగోళం కూడా ఒక చిన్న తిరకాసు పెడుతుంది. మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల వద్ద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు 40 నిమిషాలు ముందుంటాడు, గడియారం మాత్రం కాకినాడదే. కొత్త కంప్యూటర్‌లో సమయ మండలం ఎంచుకునేటప్పుడు దగ్గరి నగరం కదా అని యాంగాన్ మీద నొక్కితే, బ్యాకప్ నుంచి తెచ్చిన పది గంటల సమావేశం పదకొండుకు కనిపిస్తుంది.

తెలుగులో రాసుకునేవారికి మరో జాగ్రత్త. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు ఎనిమిది మందిలో ఒకరి మాతృభాష తెలుగు. క్యాలెండర్‌ను సీఎస్‌వీ రూపంలో దించి నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా మారొచ్చు. ఫైల్ పాడైందని కంగారుపడి తీసేయకూడదు. యూటీఎఫ్-8గా దిగుమతి చేస్తే అక్షరాలు మళ్లీ కుదురుకుంటాయి.

ఇక ప్రతులు ఎక్కడ పెట్టాలన్నది అసలు ప్రశ్న. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్నది ప్రపంచమంతా వాడే సూత్రం. హైదరాబాద్‌లో వేరే చోటు అంటే నగరంలో ఇంకో భవనం సరిపోవచ్చు. అండమాన్‌లో చాలదు. దీవులన్నీ భూకంప తీవ్రత అత్యధికంగా ఉండే జోన్‌లో చేరినవే. 2004 డిసెంబర్ 26న వచ్చిన సునామీ కార్ నికోబార్‌లోని వైమానిక దళ స్థావరాన్ని ధ్వంసం చేసింది, గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అలాంటి రోజున పక్క వీధిలోని డిస్క్ ఏం కాపాడుతుంది? అందుకే ఒక ప్రతి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉండాలి.

అంతా అవతలే ఉంచినా చిక్కే. భారత ఫలకం దీవుల కిందికి చొచ్చుకుపోయే చోటు దీవులకు పడమరన ఉంది. చెన్నై నుంచి వచ్చే కేబుల్ ఆ సరిహద్దును దాటక తప్పదు. 2022 జనవరి 15న టోంగా దగ్గర అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ దేశపు సముద్ర కేబుల్ తెగి, ప్రధాన దీవికి మళ్లీ కలపడానికి ఐదు వారాలు పట్టింది. ఉపగ్రహ లింకులు అత్యవసర మాటలకు పనికొస్తాయి, పదేళ్ల మెయిల్‌ను మోయలేవు. దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబర్ 26న డేజియోన్ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకుని ప్రభుత్వ ఉద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్లు పోయాయి. అంత పెద్దదానికి బయట ప్రతి తీయలేకపోయామన్నారు అధికారులు.

ఆఫీసులో ఉంచే ప్రతికి గాలీ శత్రువే. ఉప్పు తేమ కనెక్టర్లను తినేస్తుంది. ఎస్ఎస్‌డీలు, పెన్‌డ్రైవ్‌లు సమాచారాన్ని చిన్న అరల్లో బంధించిన ఎలక్ట్రాన్లుగా దాస్తాయి, వేడి పెరిగేకొద్దీ అవి త్వరగా కారిపోతాయి. పరిశ్రమ ప్రమాణం ప్రకారం వాడి అరిగిన మామూలు ఎస్ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలవగలిగితే చాలు. కాబట్టి రెండు హార్డ్ డిస్క్‌లు కొని, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో ఉంచి, నెలనెలా మార్చి మార్చి వాడటం మేలు. ఆ ఖర్చు శాఖే పెట్టాలి, తేదీ శాఖే నిర్ణయించాలి. మూడు నెలలకోసారి ఎవరో ఒకరు నెట్ తీసేసిన కంప్యూటర్‌లో ఆ డిస్క్ పెట్టి, నిరుడు వచ్చిన ఒక ఉత్తరం, వచ్చే నెల గడువు ఒకటి తెరుచుకుంటున్నాయో లేదో చూసి రిజిస్టర్‌లో సంతకం చేయాలి.