పలకల ఊళ్లో పాట

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లు ఎందరో! ఆ రాయే గది నేలకూ గోడలకూ పరిస్తే మాత్రం పాటకు పడదు సుమండీ. నున్నటి రాయి శబ్దాన్ని పీల్చుకోదు, బంతిలా తిప్పికొడుతుంది. 1980 నాటి 'శంకరాభరణం' పెడితే బాలు గొంతు మీద గోడల గొంతు!

గిద్దలూరు కుర్రాడొకడు ఈ మోతకు విసిగి, అప్పుచేసి పెద్ద స్పీకర్లు కొనబోయాడు. ఆపాను. నేల మీద జంపఖానా, వెనక గోడకు దళసరి బొంత, పక్కన పుస్తకాల బీరువా పెట్టించాను. స్పీకర్లను గోడకు రెండడుగులు ఇవతలకు జరిపి, చెవి ఎత్తున నిలిపాం. ఆ రెంటి మధ్య ఎంత దూరమో, కూర్చునే చోటికీ అంతే. మృదంగం దెబ్బలు విడివిడిగా వినిపించాయి. అప్పూ తప్పింది!

మీరూ కొనేముందు గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. గణగణమందా? లోపం స్పీకరుది కాదు, గదిది!